టీఫ్లింగ్ ఊళ్లోకి వస్తే జనం ఏం చేస్తారు? గేమ్ మాస్టర్లకు సమగ్ర మార్గదర్శి

"మా ఆటగాడు బల్లి మనిషి పాత్ర ఎంచుకున్నాడు. ఊరి ద్వారం దగ్గరికి రాగానే ఏం చేయాలో నాకు తోచలేదు." రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథను ఆడే ఆటను, నడిపేవాళ్లు (గేమ్ మాస్టర్లు) మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలామంది రెండు దారుల్లో ఒకదాంట్లో పడతారు. ఒకటి, ఊరంతా కాగడాలు పట్టుకుని వెంటపడటం. రెండోది, ఒళ్లంతా పొలుసులున్న మనిషి సంత మధ్యలోంచి నడిచి వెళ్తున్నా ఒక్కరూ తలెత్తి చూడకపోవడం. మొదటి దాంతో ఆటగాడికి విసుగు పుడుతుంది. రెండో దాంతో ఆ జాతిని ఎంచుకున్నందుకు అర్థమే మిగలదు.

రెండు పొరపాట్లకూ మూలం ఒకటే, ఊరిని ఒకే మనిషిలా నడపడం. నిజానికి ఊరికి మనసు ఉండదు, ఊళ్లో ఉండే ఒక్కొక్కరికీ ఉంటుంది. అందుకే "ఊరు ఏమనుకుంటుంది?" అన్న ప్రశ్నను పక్కన పెట్టి, "ఎవరికి, దేనివల్ల భయం? ఆటగాడు దానికి ఏం చేయగలడు?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. కింద చెప్పే మెట్లన్నీ ఆ పని కోసమే.

ఉదాహరణలు ఎక్కువగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి తీసుకున్నాను, ఎక్కువమందికి పరిచయమున్న ఆట కాబట్టి. పద్ధతి మాత్రం ఏ ఆటకైనా పనికొస్తుంది.

## 1. ఆటకు ముందు: ఆటగాళ్లతో మాట్లాడుకోండి

క్యాంపెయిన్, అంటే చాలా రోజులు సాగే ఆటకథ, మొదలవకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సమావేశాన్ని సెషన్ జీరో అంటారు. వింత జాతి పాత్ర ఉన్నప్పుడు దీన్ని ఎగ్గొట్టకండి. ఆ పాత్ర తీసుకున్న ఆటగాడిని మూడు విషయాలు అడగండి.

- ఈ జాతిని ఎందుకు ఎంచుకున్నావు? రూపం నచ్చా, శక్తుల కోసమా, పరాయివాడిగా బతికే కథ కావాలనా?
- జనం వింతగా చూడటం నీ కథలో ఎంత భాగం ఉండాలి?
- ఏది అసలు వద్దు?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబుతోనే సగం పని తేలిపోతుంది. నోటితో నిప్పులు కక్కవచ్చని, డ్రాగన్ పోలికలున్న డ్రాగన్‌బోర్న్‌ను తీసుకున్న ఆటగాడికి ప్రతి ఊళ్లోనూ గంటసేపు వెలివేత చూపిస్తే, అతను అడగని శిక్ష వేసినట్టే. వెలివేత కథే కావాలని, దెయ్యంలా కొమ్ములు, తోక ఉండే టీఫ్లింగ్‌ను తీసుకున్నవాడికి అందరూ నవ్వుతూ ఎదురొస్తే, అతని కథను మీరే లాగేసుకున్నట్టు.

తర్వాత తీవ్రతను ఒక అంకెతో తేల్చుకోండి.

- 0: గమనిస్తారు, అంతటితో సరి.
- 1: చూపులు, ప్రశ్నలు, వెంటపడే పిల్లలు.
- 2: ధర పెరుగుతుంది, గది దొరకదు, కావలివాడు సోదా చేస్తాడు.
- 3: ప్రాణం మీదికి వస్తుంది. గుంపు, నిర్బంధం, దాడి.

ప్రతి ఆటగాడినీ అడిగి, వచ్చినవాటిలో అతి తక్కువ అంకెను తీసుకోండి. సగటు తీయకండి. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఎవరికైనా పుట్టుకను చూసి దూరం పెట్టడమన్నది ఊహ కాకపోవచ్చు, బతుకులో చవిచూసి ఉండవచ్చు. ఎందుకు వద్దో చెప్పమని వాళ్లను అడగక్కర్లేదు. చాలా బృందాలు వాడే ఎక్స్-కార్డ్ ఇక్కడ బాగా పనికొస్తుంది. బల్ల మీద ఎక్స్ గుర్తు రాసిన చీటీ ఒకటి ఉంచుతారు. ఎవరు దాన్ని ముట్టుకున్నా, కారణం అడగకుండా ఆ ఘట్టాన్ని దాటేస్తారు.

ఇక చాలామంది మరిచిపోయే ప్రశ్న ఒకటుంది. మిగతా పాత్రలు ఈ వింత పాత్రతో ఎందుకు కలిసి తిరుగుతున్నాయి? దీనికి జవాబు లేకపోతే, ద్వారం దగ్గర గొడవ మొదలవగానే మిగిలిన ముగ్గురూ చేతులు కట్టుకుని చోద్యం చూస్తారు.

## 2. ఆ జాతి గురించి జనానికి ఏం తెలుసో తేల్చండి

నియమాల పుస్తకంలో ఉన్నదంతా ఊరివాళ్లకు తెలిసినట్టు నడపడం చాలా పెద్ద పొరపాటు. పుస్తకం చదివింది మీరు. వల అల్లుకునేవాడు చదవలేదు.

జాతి ఎంత అరుదో తెలుసుకోవడానికి కొన్ని ఆటలు మొదటి మెట్టు తామే అందిస్తాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 నాటి ఆటగాళ్ల పుస్తకం మానవులు, ఎల్ఫులు, డ్వార్ఫులు, హాఫ్లింగులను అంతటా కనిపించేవాళ్లుగా చూపించి, డ్రాగన్‌బోర్న్, నోమ్, హాఫ్-ఎల్ఫ్, హాఫ్-ఆర్క్, టీఫ్లింగ్‌లను అరుదైనవాళ్లలో చేర్చింది. పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్‌లోనూ ఇలాంటి గుర్తులుంటాయి. అయితే ఇవి ప్రపంచం మొత్తానికి వేసిన లెక్కలు. మీకు కావలసింది ఈ ఒక్క ఊరి లెక్క.

దాన్ని తేల్చడానికి ఇలా అడగండి: ఇలాంటివాళ్లను ఈ ఊళ్లో ఎవరైనా కళ్లారా చూశారా? చూడకపోతే విన్నారా? వింటే ఎవరి నోట విన్నారు? సైనికుడు చెప్పిన కథ ఒకలా ఉంటుంది, వ్యాపారి చెప్పింది ఇంకోలా ఉంటుంది, ఏడ్చే పిల్లలను భయపెట్టడానికి అమ్మమ్మ చెప్పింది మరోలా ఉంటుంది.

జవాబులను బట్టి మీ పాత్ర ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట పడుతుంది.

తెలిసిన శత్రువు. సరిహద్దు పల్లెలో గోబ్లిన్, అంటే దోపిడీలు చేసే పొట్టి జాతివాడు. జనానికి పాత గాయాలున్నాయి, పేర్లతో సహా గుర్తున్నాయి. నిజమైన ద్వేషం పుట్టేది ఇక్కడే. జ్ఞాపకం లేనిదే ద్వేషం నిలవదు.

తెలిసిన వింత. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కథలు జరిగే ఎబెరాన్ అనే ప్రపంచంలోని వార్‌ఫోర్జ్డ్ ఇందుకు చక్కని ఉదాహరణ. యుద్ధం కోసం తయారుచేసిన ఈ జీవాలను చూడనివాళ్లు ఆ ఖండంలో తక్కువ. యుద్ధాన్ని ముగించిన ఒప్పందంతో వాళ్లకు స్వేచ్ఛ వచ్చింది. కాబట్టి "ఇదేమిటి?" అని అక్కడ ఎవరూ అడగరు. "నువ్వు ఎవరి పక్షాన పోరాడావు?" అని అడుగుతారు, లేదా "మా పని లాక్కోవడానికి వచ్చావా?" అంటారు.

ఎవరికీ తెలియనివాడు. కొండల నడుమ పల్లెకు వచ్చిన టాబాక్సీ, అంటే పిల్లి రూపపు మనిషి. ఇక్కడ ద్వేషం సహజం కాదు. గందరగోళం, కుతూహలం, కాస్త జంకు ఉంటాయి. ఎక్కువమంది గేమ్ మాస్టర్లు తడబడేది ఇక్కడే, ఎన్నడూ చూడని జాతి మీద ఊరంతటికీ సిద్ధంగా పగ ఉన్నట్టు నడిపేస్తారు.

పొరబడినవాడు. కొమ్ములు చూసి టీఫ్లింగ్‌ను దెయ్యమనుకోవడం, డ్రాగన్‌బోర్న్‌ను డ్రాగన్ పంపిన దూత అనుకోవడం. నాకు అన్నింటికన్నా ఇష్టమైన రకం ఇది. పొరపాటు ఎప్పుడూ పాత్రకు చేటే చేయనక్కర్లేదు. డ్రాగన్ దూత అనుకుని ఊరి పెద్దలు వణుకుతూ కప్పం తెచ్చి ముందు పెడితే ఆటగాడు ఏం చేస్తాడో చూడండి.

ఊరి పరిమాణం మాటకొస్తే, నూరు గడపల పల్లెలో కత్తి పట్టుకొచ్చిన మానవుడు కూడా వింతే. పెద్ద రేవు పట్నంలో కొమ్ములను ఎవరూ పట్టించుకోరు, సుంకం కట్టావా లేదా అన్నదే చూస్తారు.

## 3. జాతి పేరు పలకకండి, కంటికి కనబడేది చెప్పండి

"ఒక లిజర్డ్‌ఫోక్ వచ్చాడు" అని (బల్లి మనుషుల జాతి పేరు అది) కావలివాడి చేత అనిపిస్తే వింతంతా అక్కడికక్కడే ఆవిరైపోతుంది. ఊరివాడికి పేరు తెలియదు. అతనికి కనబడేది తడి పొలుసులు, రెప్ప వేయని కళ్లు, గుమ్మానికి తగులుకునే తోక.

ఆటకు ముందు ఆ పాత్ర శరీరం గురించి ఐదు నిమిషాలు ఆలోచించండి. వెనక ఆనుడు ఉన్న కుర్చీలో తోక ఎటు పోతుంది? కొమ్ములు దూలానికి తగులుతాయా? ఆ వాసనకు గుర్రాలు బెదురుతాయా? గోళ్లు చెక్క నేల మీద చప్పుడు చేస్తాయా? ఇలాంటి చిన్న ఇబ్బందులు పెద్ద ద్వేషం కన్నా నమ్మకంగా ఉంటాయి, నవ్వు కూడా పుట్టిస్తాయి.

నియమాల్లోని ప్రత్యేక లక్షణాలను కూడా ఇక్కడే వాడుకోవాలి.

- కెంకు. 2016 నాటి నియమాల ప్రకారం కాకి రూపపు ఈ జాతికి సొంత గొంతు లేదు, విన్న ధ్వనులను అనుకరిస్తేనే మాట. కావలివాడు "ఏం పని మీద వచ్చావు?" అని గద్దిస్తాడు. కెంకు "పని మీద వచ్చా" అంటుంది, అచ్చం అతని గొంతుతో, అదే గద్దింపుతో. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. కావలివాడి చెవులు ఎర్రబడతాయి. ఇక్కడ తగాదాకు ద్వేషం అక్కర్లేదు, పదిమంది ముందు చిన్నబోవడం చాలు.
- డ్రౌ. నేల కింద బతికే ఎల్ఫ్ జాతివాడు. ఎండ పడదు కాబట్టి పట్టపగలు ముసుగు కప్పుకుని వస్తాడు. జనానికి మొదటి అనుమానం నల్లని చర్మం వల్ల కలగదు, ముసుగు వల్ల కలుగుతుంది.
- వార్‌ఫోర్జ్డ్. తిండి, నీళ్లు, ఊపిరి అక్కర్లేదు, నిద్రపోడు. రాత్రంతా సత్రం వసారాలో కదలకుండా నిలబడితే, నీళ్లకని లేచిన బాటసారి పెట్టే కేకతో సత్రమంతా మేలుకుంటుంది. తెల్లారాక యజమానికి ఇంకో చిక్కు: మంచం వాడని అతిథి దగ్గర ఎంత తీసుకోవాలి?
- ఆరకోక్రా. రెక్కలున్నవాడు ద్వారం గుండా ఎందుకు వస్తాడు? గోడ మీదుగా ఎగిరి వస్తే సుంకం ఎగ్గొట్టినట్టే. ఒక్కడిని వదిలేస్తే రేపు అందరూ అడుగుతారు.

## 4. ఊరిని ఐదుగురు మనుషులుగా విడదీయండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించే తీరిక ఉంటే ఇది పాటించండి. ఐదు చీటీలు తీసుకుని, ఒక్కోదాని మీద ఒక్కో మనిషి గురించి మూడు వాక్యాలు రాయండి: ఏం కావాలి, దేనికి భయం, ఏం జరిగితే మారతారు.

నది ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరికి లిజర్డ్‌ఫోక్ పాత్ర వచ్చిందనుకుందాం.

కావలివాడు. తన పహరాలో ఏమీ జరగకూడదు. రేపు ఏదైనా జరిగితే "వాణ్ని లోపలికి వదిలింది ఎవరు?" అని తననే నిలదీస్తారని భయం. బాధ్యత ఇంకొకరి మీదికి పోతే మెత్తబడతాడు. ఎవరైనా పూచీ ఉన్నా, ఆయుధం తన దగ్గర పెట్టి వెళ్లినా సరే.

సత్రం యజమానురాలు. గదులు నిండాలి. ఇతన్ని చూసి మిగతా బాటసారులు లేచిపోతారని భయం. వాళ్లలో ఒక్కరు "నాకేం ఇబ్బంది లేదు" అంటే చాలు, గది ఇచ్చేస్తుంది.

పడవ వ్యాపారి. చిత్తడి నేలల గుండా దగ్గరి దారి కావాలి. ఇతనికి భయం లేదు, ఆశ ఉంది. అందరికన్నా ముందు నవ్వుతూ పలకరించేది ఇతనే, ఆటగాడు అందరికన్నా జాగ్రత్తగా ఉండాల్సిందీ ఇతని దగ్గరే.

పదేళ్ల పిల్ల. తోక ముట్టుకోవాలి. అమ్మ చూస్తుందని భయం.

వలలు అల్లే ముసలాయన. తమ్ముడు పడవతో సహా మునిగిపోయాడు, బల్లి మనుషులే లాగేశారని ఊరంతా అంది. శవం దొరకలేదు. ఈయన బహుశా ఎప్పటికీ మారడు. కానీ లిజర్డ్‌ఫోక్ పావుగంట దాకా ఊపిరి బిగబట్టగలడు, నది అడుగుదాకా వెళ్లి చూసి రాగలడు. ఆ పడవ ఎలా మునిగిందో తెలిస్తే ముసలాయన వింటాడు.

ఈ ఐదుగురిలో ద్వేషించేది ఒక్కడే. మిగతా నలుగురివీ సొంత లెక్కలు. బయటి నుంచి చూస్తే మాత్రం "ఊరికి ఆ బల్లి మనిషి నచ్చలేదు" అనే అనిపిస్తుంది. ఆటగాడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఆ ముడి విప్పుకుంటూ పోవడమే ఆట.

చీటీలు రాసేటప్పుడు ఇవి సరిచూసుకోండి:

- లాభం చూసుకునేవాళ్లు కనీసం ఒకరు ఉన్నారా?
- పాత గాయమున్నవాళ్లు ఒకరికి మించలేదు కదా?
- అధికారం ఉన్నవాళ్లు ఒకరు ఉన్నారా?
- అసలేమీ పట్టనివాళ్లు ఒకరు ఉన్నారా? తన పని తాను చూసుకునే కమ్మరి ఒక్కడుంటే ఊరు నిజంగా ఊరిలా అనిపిస్తుంది.

## 5. పాచికలు ఎప్పుడు వేయాలి?

చీటీ ఉన్న మనిషికి మొదటి స్పందన కోసం పాచికలు వద్దు. అతనికి ఏం కావాలో మీకు ముందే తెలుసు. చీటీ లేని గుంపుకు, దారిన పోయేవాళ్లకు మాత్రం పాచికలు మేలు. మీరు పక్షపాతం చూపిస్తున్నారన్న అనుమానం కూడా రాదు.

నేను వాడేది పాత పద్ధతి. 1981 నాటి బేసిక్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రెండు ఆరు ముఖాల పాచికలు వేసి, మొత్తాన్ని బట్టి ఎదుటివాళ్ల వైఖరి తేల్చేవారు. ఆ పట్టిక గుహల్లో ఎదురయ్యే జీవాల కోసం రాసింది. ఊరి గుంపుకు ఇలా మార్చుకోవచ్చు:

- 2: అప్పటికప్పుడే గొడవకు దిగుతారు.
- 3 నుంచి 5: ముఖం చిట్లిస్తారు, దారి ఇవ్వరు.
- 6 నుంచి 8: తేల్చుకోలేక ఆగి చూస్తారు.
- 9 నుంచి 11: తమ దారిన పోతారు, అడిగితే జవాబిస్తారు.
- 12: ఎవరో ఒకరు ముందుకొచ్చి చెయ్యి కలుపుతారు.

జాతిని బట్టి కలపడం, తీసివేయడం చేయాలనిపిస్తే చెయ్యి కాస్త బిగబట్టండి. రెండు పాచికలకు 36 రకాల ఫలితాలున్నాయి. మామూలుగా వాటిలో ఒక్కదానికే గొడవ. రెండు తీసేస్తే 6 ఫలితాలు గొడవకు దారితీస్తాయి. మూడు తీసేస్తే 10. అంటే రమారమి ప్రతి మూడు నాలుగు వీధుల్లో ఒకచోట కొట్లాట. తీవ్రత 1 దగ్గర ఉంటే ఏమీ తీసివేయకండి, 2 దగ్గర ఉంటే ఒకటి చాలు. రెండు తీసివేయడం యుద్ధంలో ఉన్న సరిహద్దు ఊళ్లకే.

ఆటగాడు ఏదైనా అడిగినప్పుడు మరో లెక్క కావాలి. ఐదో ఎడిషన్ 2014 నాటి మాస్టర్ పుస్తకంలో దీనికి తేలికైన పద్ధతి ఉంది. ఎదుటివాడు స్నేహంగా, తటస్థంగా, వైరంగా అన్న మూడింటిలో ఒక వైఖరితో ఉంటాడు. ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేసి, తన పాత్ర మాటకారితనానికి వచ్చే అంకెను కలుపుతాడు. మొత్తం 10 లేదా ఆపైన వస్తే తటస్థంగా ఉన్నవాడు తనకు నష్టం లేని సాయం చేస్తాడు, 20 లేదా ఆపైన వస్తే కొద్దిపాటి ప్రమాదానికైనా ఒప్పుకుంటాడు. వైరంగా ఉన్నవాడి దగ్గర 20 వచ్చినా దొరికేది నష్టం లేని సాయమే. ఇది గుర్తుంటే, పాచిక బాగా పడినంత మాత్రాన ముసలాయన పగ మరిచి కౌగిలించుకునే వింతలు జరగవు.

## 6. ద్వారం నుంచి తెల్లారేదాకా: వరుస

స్పందనను ఒకేసారి కుమ్మరించకండి. మెట్టు తర్వాత మెట్టుగా పెంచండి.

ద్వారం దగ్గర. ఒక్క మనిషి, ఒక్క చిన్న అవమానం చాలు. కావలివాడు ఈటె ఎత్తడు, దించడు. లిజర్డ్‌ఫోక్ పాత్రను వదిలేసి పక్కనున్న మానవుడి వైపు చూసి, "ఇతనికి మాటలు వచ్చా?" అని అడుగుతాడు. అక్కడ ఆపి ఆటగాడి వైపు చూడండి. పేజీల కొద్దీ వర్ణన చేయలేని పని ఈ ఒక్క ప్రశ్న చేస్తుంది.

వీధిలో. మాటలు వద్దు, కదలికలు చాలు. ఒక కిటికీ తలుపు మూసుకుంటుంది. ఎదురొస్తున్న ఇద్దరు వీధి దాటి అవతలి వైపు నడుస్తారు. ఒక పిల్లవాడు వెంట నడుస్తూ ఆ నడకను అనుకరిస్తాడు. రెండు మూడు చాలు, అంతకు మించితే ప్రదర్శన అవుతుంది.

సత్రంలో లేదా అంగడిలో. ఇక్కడే బేరం. ధర పెంచడం, గది లేదనడం, అతి మర్యాద. అతి మర్యాదను గేమ్ మాస్టర్లు పెద్దగా వాడరు, వాడి చూడండి. ప్రతి మాటకూ దండం పెడుతూ, మెట్ల మీద కాపలా పెట్టిన యజమాని, తిట్టేవాడి కన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాడు.

తెల్లారాక. రాత్రి ఊరు నిద్రపోలేదు. బావి దగ్గర, రేవు దగ్గర చిలవలు పలవలు పుట్టాయి. సాయంత్రం ఒక చేప తిన్న లిజర్డ్‌ఫోక్ పొద్దుటికి ఒక మేకను పచ్చిగా నమిలేసి ఉంటాడు. ఈ పుకారును ముందుగా మిగతా పాత్రల్లో ఒకరి చెవిన వేయండి, ఆ వింత పాత్ర చెవిన కాదు. దాన్ని అతనికి చెప్పాలా, దాచాలా అన్న సందేహంతో బృందంలోనే ఒక మంచి ఘట్టం పుడుతుంది.

గుంపు, దాడి లాంటివి వీటి తర్వాతే, అదీ తీవ్రత 3కు అందరూ ఒప్పుకుని ఉంటేనే. గుంపు పోగవడానికి ముందు కనీసం మూడు సూచనలు ఆటగాళ్లకు అందాలి. వాటిని విని తప్పించుకునే వీలుండాలి.

## 7. ప్రతి స్పందనలోనూ ఆటగాడికి ఒక పట్టు ఇవ్వండి

"గది లేదు" అంటే ఘట్టం అక్కడితో ముగిసింది. ఆటగాడు చేసేదేమీ లేదు.

"గదులున్నాయి, కానీ పైన పెళ్లివారు దిగారు. పెళ్లికూతురి తండ్రి ఒప్పుకుంటే నాకు సరే. లేదంటే గుర్రాల పాక ఖాళీగా ఉంది, అద్దె అడగను." ఇప్పుడు చేయడానికి మూడు పనులున్నాయి. తండ్రితో మాట్లాడవచ్చు, పాకకు పోవచ్చు, ముఖం తిప్పుకుని వెళ్లిపోవచ్చు.

ఏ పాత్ర చేత కాదనిపించినా మీరు లోలోపల "అయితే" అని ఒక వాక్యం పూర్తి చేసుకోవాలి. పైకి చెప్పనక్కర్లేదు, మీకు తెలిసి ఉంటే చాలు. ఆటగాడు దాన్ని తవ్వి తీస్తాడు, లేదా మీకు తట్టని ఇంకో దారి చూపిస్తాడు. ఆ దారి సబబుగా ఉంటే ఒప్పుకోండి.

పట్టు ఇవ్వడానికి చాలా తేలిక దారి పూచీ. ఊళ్లో మాట చెల్లేవాడు ఒక్కడు "ఇతనికి నేను హామీ" అంటే సగం తలుపులు తెరుచుకుంటాయి. ఆ హామీ ఊరికే రాదు, ప్రతిగా ఏదో ఒక పని అడుగుతాడు. మీకు సాహసగాథ దొరికింది.

## 8. మార్పును గుర్తుంచుకోండి

చీటీ వెనక వైరం, తటస్థం, స్నేహం అని రాసి, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో చుక్క పెట్టండి. పాత్ర చేసిన పనిని కళ్లారా చూసినవాళ్ల చుక్క మాత్రమే వెంటనే కదలాలి. విన్నవాళ్ల చుక్క మరుసటి రోజు కదులుతుంది, అది కూడా విన్న కథ సరిగా ఉంటేనే.

మునిగిపోతున్న పిల్లను కాపాడాడని ఊరంతా ఒక్కసారిగా జేజేలు కొట్టడం చవకబారు మలుపు. పిల్ల తల్లి మారుతుంది. కావలివాడు తలపంకిస్తాడు. ముసలాయన మాత్రం "నీళ్లలోకి లాగింది కూడా వాడేనేమో" అంటాడు. ఆ ఒక్క గొంతు ఉండాలి, లేకపోతే గెలుపు చప్పగా ఉంటుంది.

నెల తర్వాత అదే ఊరికి తిరిగి వచ్చినప్పుడు కనీసం ఒక మార్పు కంటికి కనబడేలా చేయండి. సత్రంలో ఆనుడు లేని పీట ఒకటి కొత్తగా ఉంది. ఎవరి కోసమో ఎవరూ చెప్పరు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ప్రతి ఊళ్లోనూ అదే ద్వారం, అదే గొడవ. మూడో ఊరికల్లా ఆటగాడు విసిగిపోతాడు. *సవరణ:* ద్వారం ఘట్టాన్ని ఒక్కసారే పూర్తిగా ఆడండి. తర్వాతి ఊళ్లలో "ఎప్పటిలాగే సోదా చేసి వదిలారు" అని ఒక్క వాక్యంతో దాటేసి, కొత్త రకం స్పందన ఉన్నచోటే ఆగండి.

ఆటంతా ఒక్క పాత్ర చుట్టూ తిరగడం. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారంటే మీరు ఆలస్యం చేసినట్టే. *సవరణ:* అదే ఘట్టంలో మరొకరికి పని పెట్టండి. కావలివాడు పూచీ అడిగేది డ్వార్ఫ్‌ను, పుకారు వినబడేది దొంగకు.

మాటకారి పాత్ర అన్నీ చక్కబెట్టేయడం. బార్డ్ (పాటలతో, మాటలతో మెప్పించే పాత్ర) ముందుకొచ్చి ఒక్క పాచికతో ముగించేస్తాడు. *సవరణ:* ఊరివాళ్లు వింత పాత్రతోనే మాట్లాడాలని పట్టుబట్టనివ్వండి. "నువ్వు కాదు, అతను చెప్పాలి."

మారువేషంతో చిక్కు తీరిపోవడం. ముసుగు, మాయ వాడితే సరేనన్నట్టు వదిలేస్తే పాత్ర ఎప్పటికీ ముసుగులోనే ఉంటుంది. *సవరణ:* మారువేషాన్ని అడ్డుకోకండి, దానికి వెల పెట్టండి. బయటపడిన రోజు జనానికి కోపం కొమ్ముల మీద ఉండదు, మోసపోయామన్న దాని మీద ఉంటుంది.

ఆటగాడు కావలివాడిని చంపేయడం. ఇది చాలావరకు మీరు పట్టు ఇవ్వకపోవడం వల్లే జరుగుతుంది. *సవరణ:* కత్తి దూయగానే ఆట ఆపి, "ఇక్కడ నీకు ఏం కావాలి?" అని మామూలుగా అడగండి. ఆ తర్వాత కూడా పొడిచేస్తే ఫలితాలు నడవనివ్వండి.

నిజ జీవితపు తిట్లు వాడటం. వద్దు. కల్పిత జాతి మీదైనా సరే, నిజమైన మనుషుల మీద వాడే మాటలు బల్ల మీదికి రాకూడదు. *సవరణ:* ఆ ఊరికే చెందిన మాట ఒకటి సృష్టించండి, లేదా ఏమీ అనకుండా తలుపు మూసేయించండి.

పాత్రే కావాలని రెచ్చగొట్టడం. కొందరికి ఊరిని హడలెత్తించడమే సరదా. సెషన్ జీరోలో చెప్పి ఉంటే పరవాలేదు. చెప్పకపోతే ఆట ముగిశాక విడిగా మాట్లాడండి, ఊరివాళ్ల చేత బుద్ధి చెప్పించే ప్రయత్నం చేయకండి.

## 10. ఎదురు ఊరు

ఇవన్నీ అలవాటయ్యాక బృందాన్ని ఒకసారి గోబ్లిన్ల ఊరికో, తాబేలు రూపపు టార్టిల్‌ల రేవుకో తీసుకెళ్లండి. అక్కడ వింత మానవుడే. పొలుసులు లేని మెత్తని చర్మాన్ని చూసి "జబ్బు చేసిందా?" అని పిల్లలు అడుగుతారు, సత్రంలో మంచం మోకాళ్ల దగ్గరికే సరిపోతుంది. ఐదు చీటీల పద్ధతి ఇక్కడా మారదు. ఇన్నాళ్లూ పూచీ అడిగిన లిజర్డ్‌ఫోక్ ఇప్పుడు పూచీ ఇచ్చేవాడు అవుతాడు.

## ఆటకు గంట ముందు సరిచూసుకోవలసినవి

- తీవ్రత అంకె రాసుకున్నాను, అందరూ ఒప్పుకున్నదే.
- ఈ ఊళ్లో ఆ జాతి గురించి ఎవరు ఎవరి నోట ఏం విన్నారో ఒక్క వాక్యంలో చెప్పగలను.
- జాతి పేరు పలకకుండా ఆ పాత్రను వర్ణించే మూడు ముక్కలు సిద్ధంగా ఉన్నాయి.
- ఐదు చీటీలు ఉన్నాయి, వాటిలో ద్వేషించేది ఒకరే.
- ప్రతి "కాదు" వెనకా ఒక "అయితే" ఉంది.
- ఒక పుకారు ఉంది, అది ముందుగా ఎవరి చెవిన పడుతుందో తెలుసు.
- మిగతా పాత్రల్లో ఒక్కొక్కరికీ ఈ ఊళ్లో కనీసం ఒక పని ఉంది.
- ఎక్స్-కార్డ్ అందరికీ అందేచోట ఉంది.